ఓదెలు నోట్లో మూడు గుంటలు

మా ఆఫీసులో భూమి తప్ప మరొకటి కొలిచే అలవాటు లేదు. అందుకే పళ్ళు లెక్కపెట్టమని పైనుంచి ఉత్తర్వు వచ్చినప్పుడు దాన్ని ఏ సెక్షన్‌కు పంపాలో తోచక ఇన్‌వర్డు క్లర్కు మూడు రోజులు బల్ల మీదే ఉంచుకున్నాడు. నాలుగో రోజు అది ఏడీ గారి కంట పడింది. దాంతో మా నోళ్ళకు కాలం చెల్లింది.

మాది జిల్లా భూకొలతల కార్యాలయం. ఏడీ అంటే అసిస్టెంట్ డైరెక్టర్. పేరు పరాంకుశం గారు. ఏ పథకం వచ్చినా దాన్ని ఒంటిమీదికి తెచ్చుకునే మనిషి. పరిశుభ్రతా వారోత్సవాలు వచ్చినప్పుడు ఊళ్ళ హద్దులు గీసిన పాత నక్షాలను సబ్బుతో కడిగించారు. వాగు అవతలి రెండు ఊళ్ళకు నేటికీ పొలిమేర లేదు.

నేను రికార్డు గది గుమాస్తాను. సొంత పళ్ళన్నీ నలభై ఎనిమిదో ఏటే పోయాయి, ఇప్పుడున్నవి కట్టుడు పళ్ళు. ఈ సంగతి ముందుముందు అవసరపడుతుంది కాబట్టి ఇప్పుడే చెప్పేస్తున్నాను.

ఉత్తర్వు పేరు ‘దంతహిత కార్యాలయం’. ఉద్యోగులు అస్తమానం ఏదో ఒకటి నములుతూ పళ్ళు పాడు చేసుకుంటున్నారు, వారికి అవగాహన కల్పించి, ఒక వైద్య శిబిరం పెట్టండి అని దాని సారాంశం. రెండు పేరాలు. పరాంకుశం గారు దాన్ని పదకొండు పేజీలకు పెంచారు. ‘కార్యాలయ వేళల్లో ఏ ఉద్యోగీ నోరు మెదపరాదు’ అన్నది మొదటి నిబంధన. రైతులు వచ్చి ఏదైనా అడిగితే జవాబు చెప్పడానికి మెదపవచ్చా అని సూపరింటెండెంట్ సుగుణాకర్ స్పష్టత కోరాడు. ఆ విషయంలో పాత పద్ధతినే కొనసాగించాలని, అంటే మెదపనక్కర లేదని జవాబు వచ్చింది.

తర్వాత సొరుగుల సర్వే జరిగింది. ఒక్కొక్క బల్లకు నంబరు వేసి, సొరుగు తెరిచి, సాక్షుల సమక్షంలో పంచనామా రాశాం. సొరుగు నంబరు నాలుగు: చెగోడీలు పదకొండు, అందులో ఒకటి సగం కొరికినది. సొరుగు నంబరు ఏడు: అటుకుల చుడువ, దాని అడుగున 2009 నాటి అర్జీ ఒకటి, నూనె మరకలతో. ఆ అర్జీ దొరికినందుకు అందరం సంతోషించాం. అర్జీదారు మాత్రం అప్పటికే పోయాడు.

ఏడీ గారి సొరుగు తెరవలేదు. అందులో పిప్పరమెంటు బిళ్ళల డబ్బా ఉందని అందరికీ తెలుసు. పొద్దున కుర్చీలో కూర్చున్నప్పుడు ఒకటి బుగ్గన పెడితే సాయంత్రం లేచేదాకా బుగ్గ ఖాళీ ఉండదు. “అది నమలడం కాదు, చప్పరించడం. చప్పరించడం ఈ ఉత్తర్వుల పరిధిలోనికి రాదు” అని ఆయన ముందే రాసి పెట్టుకున్నారు.

శిబిరం రోజున డాక్టర్ నుస్రత్ వచ్చింది. చిన్న వయసు, కాంట్రాక్టు ఉద్యోగం, చేతిలో బరువైన పెట్టె. నక్షాలు పరిచే పెద్ద బల్ల పక్కన నిలబడి మాకు అర్థమయ్యే తెలుగులో చెప్పింది.

“చూడండి సార్, ఒక లడ్డూ తిన్నంత మాత్రాన పన్ను పుచ్చదు. ఆ ఒక్క లడ్డూనే పొద్దుటినుంచి సాయంత్రం దాకా గిల్లుకుంటూ తింటే పుచ్చుతది. మనం తీపి తిన్న ప్రతిసారి నోట్లో ఒక పులుపు పుట్టి పంటిని కొరుకుతది. అది సర్దుకోనీకి అరగంట పైనే పడుతది. మీరు ఆ అరగంట ఆగరు. ఇంకో బిస్కెట్టు, ఇంకో చాయ్. ఇగ పంటికి తీరికెక్కడిది? పల్లిపట్టి, బిస్కెట్లు అంటుకొని కూసుంటయి, ఇంకా కష్టం. తినేదేదో అన్నంతోపాటే తినేయండి. నడుమ ఆకలైతే జామకాయో, గుప్పెడు పల్లీలో తినండి. తిన్నంక నీళ్ళు పుక్కిలించండి. అంతే.”

ఆమె ‘అంతే’ అన్నా మా ఏడీ గారికి అంతే కాదు. కళ్ళు మూసుకుని విని, తెరిచి, “అనగా విరామం లేని నిరంతర స్వాధీనం వల్ల హక్కు సంక్రమించునట్లు, విరామం లేని నిరంతర నమలుడు వల్ల పుచ్చు సంక్రమించును” అని డైరీలో రాసుకున్నారు. ఆ వాక్యం ఎంత దూరం పోతుందో అప్పుడు మాలో ఎవరికీ తెలియదు.

పరీక్షలు మొదలయ్యాయి. డాక్టరమ్మ చూసి చెబుతుంటే నేను ఫారంలో రాస్తున్నాను. రాజధానిలో ఎవరో ఆ ఫారాన్ని తెలుగులోకి దించుతూ, పంటికి పడే తొర్ర అన్నచోట ‘గుంటలు’ అని వేశారు. ఇంకే ఆఫీసులోనైనా ఇబ్బంది ఉండేది కాదు. మా ఆఫీసులో గుంటకు ఒకటే అర్థం. ఎకరాకు నలభై గుంటలు.

ఓదెలు వంతు వచ్చింది. ఓదెలు మా చైన్‌మన్. ఇరవై రెండేళ్ళుగా పరాయి భూముల మీద గొలుసు లాగినవాడు. సొంతానికి గజం జాగా లేదు. పెళ్ళయ్యాక తొమ్మిది అద్దె ఇళ్ళు మారాడు. కొలతకు పోయిన రోజున అన్నం ఏ మూడింటికో, ఒక్కోసారి అదీ ఉండదు. అందుకని చొక్కా జేబులో బెల్లం పల్లిపట్టి ముక్కలు, ఆఫీసులో ఉంటే గంటకోసారి గేటు ముందు కనకవ్వ బండి దగ్గర చక్కెర దండిగా వేసిన చాయ్. ఏళ్ళుగా అతని భోజనం అదే.

“మూడు పుచ్చినయి అన్నా. భయపడకు. తీసేయనక్కర లేదు, మంచిగ నింపితే ముసలితనం దాకా ఉంటయి” అంది డాక్టరమ్మ.

పేరు: ఓదెలు. హోదా: చైన్‌మన్. గుంటలు: 3. ఈ చేత్తోనే రాశాను.

వారం తర్వాత ఉద్యోగుల ఇళ్ళ స్థలాల జాబితా నోటీసు బోర్డెక్కింది. ఆ కాలనీ కోసం మావాళ్ళు పధ్నాలుగేళ్ళుగా ఎదురు చూస్తున్నారు. జిల్లాలో ఎక్కడా భూమి లేనివారికే ఇంటి స్థలం అని షరతు. మొదటి పేరు నాదే. నేను దరఖాస్తు పెట్టనే లేదు, మా ఆవిడ పేరిట మేడ కూడా ఉంది. అయినా నా ఫారంలో ‘గుంటలు: లేవు’ అని ఉంది కాబట్టి నేను నిరుపేదను. సుగుణాకర్ కంప్యూటరుకు ఒక గుణం నేర్పాడు: ఏ కాగితంలో ‘గుంటలు’ అన్న గడి కనిపించినా అందులోని అంకెను భూముల ఖాతాలో వేసేస్తుంది. ఆ పని చేసినందుకు అతనికి ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

చివరి పేరు ఓదెలుది. ‘అనర్హుడు. కారణం: మూడు గుంటల భూమి కలిగి ఉన్నందున.’

ఓదెలు ఆ వాక్యాన్ని వేలు పెట్టి రెండుసార్లు చదివి నా దగ్గరికి వచ్చాడు. “సార్, నాకు భూమి ఉన్నదంట. యాడున్నదో జెర చెప్పుండ్రి, పోయి సూసుకుంట” అన్నాడు. వెటకారం కాదు. నిజంగానే ఎక్కడో ఉందేమో అన్న ఆశ ఆ మొహంలో కనిపించింది. నాకు సిగ్గేసింది. చెయ్యి పట్టుకుని ఏడీ గారి గదిలోకి తీసుకుపోయాను.

“సార్, ఆ మూడు గుంటలు భూమి కాదు, ఇతని నోట్లో ఉన్నాయి” అన్నాను.

ఏడీ గారు పిప్పరమెంటు ఈ బుగ్గ నుంచి ఆ బుగ్గకు మార్చారు. “నోటి మాటలు చెల్లవు. రాతపూర్వకంగా ఏమున్నది? మూడు గుంటలు అని ఉన్నది. ఎవరు రాసినారు? మీరే. గుంట ఎచట ఉన్నది అనునది అప్రస్తుతం. ఉన్నదా లేదా అనునదే ప్రశ్న.”

“ఉన్నది సార్, కానీ పంట్లో ఉన్నది” అన్నాడు ఓదెలు.

“ఒప్పుకొన్నాడు, రాసుకోండి” అన్నారు ఏడీ గారు సుగుణాకర్‌తో. “పంటలో ఉన్నది. అనగా సాగులో ఉన్న భూమి.”

మర్నాడు విచారణ. ఈ ఆస్తి ఎలా సంక్రమించింది, స్వార్జితమా, పిత్రార్జితమా? “మా నాయిన కూడ బెల్లం మస్తు తినేటోడు సార్” అన్నాడు అమాయకుడు. అయితే ఉమ్మడి ఆస్తి, వారసులందరికీ నోటీసులు ఇవ్వాలన్నారు. ఇచ్చారు. ఎక్కడో సింగరేణి గనిలో పని చేసుకుంటున్న ఓదెలు తమ్ముడు సెలవు పెట్టి, బస్సెక్కి దిగాడు. “అన్నా, నాకు తెల్వకుండ మూడు గుంటలు దాసిపెట్టుకున్నవా?” అని ఆఫీసు వరండాలోనే నిలదీశాడు. ఓదెలు నోరు తెరిచి చూపించాడు. తమ్ముడు వంగి చాలాసేపు చూసి, “నా భాగం నాకొద్దు” అని రాసిచ్చి వెళ్ళిపోయాడు.

సాక్షిగా కనకవ్వను పిలిచారు. “రోజుకు ఎన్ని చాయ్‌లు తాగును?”

“ఆరు. పంచాయితీలున్న నాడు ఎనిమిది. నేను అబద్ధమాడ.”

“ఎన్ని ఏండ్లుగా?”

“బండి పెట్టిన కాన్నుంచి. పదిహేనేండ్లాయె.”

“నడుమ ఎప్పుడైనా మానినాడా?”

“ఒక్కనాడు మాన్లే బిడ్డ. జెరమొచ్చిన నాడు కూడ వచ్చి తాగిండు.”

ఏడీ గారు డైరీ తీశారు. “పన్నెండేండ్లకు మించి, విరామం లేని, బహిరంగమైన, నిరంతర స్వాధీనం. వైద్యాధికారిణి వాంగ్మూలముతో సరిపోలినది. ఇక బ్రహ్మదేవుడు వచ్చినా ఈ గుంటలు ఓదెలువి కాకుండా పోవు.”

ఆపై క్షేత్ర పరిశీలన. ఓదెలును కుర్చీలో వెనక్కి వాల్చి, ఇద్దరు సర్వేయర్లు టార్చి పట్టుకుని హద్దులు రాశారు. తూర్పు నాలుక, పడమర బుగ్గ, దక్షిణం జ్ఞానదంతం, ఉత్తరం మరో పన్ను. ‘ఊట గల నేల, ఒక అంచున పల్లిపట్టి నిల్వ కలదు’ అని ప్రత్యేక అంశాల గడిలో నమోదైంది. ఇరవై రెండేళ్ళు ఇతరుల హద్దులు పట్టుకున్న మనిషి నోరు తెరుచుకుని పడుకుంటే, అతని పక్కన గొలుసు పట్టేవాడు లేక ఆ గొలుసు కూడా అతనికే ఇచ్చారు.

అప్పటికి ఓదెలు పళ్ళు నిజంగానే సలపడం మొదలుపెట్టాయి. నుస్రత్ దగ్గరికి పోతే, “ఇన్ని రోజులు ఏం చేస్తున్నవ్ అన్నా? రేపే నింపేద్దాం” అంది. ఈ వార్త ఏడీ గారికి చేరేసరికి నోటీసు తయారైంది. ‘గుంటలను పూడ్చుట ద్వారా నీటి ఊట గల భూమి స్వరూపమును మార్చుట శిక్షార్హమైన నేరము.’

“అయితే పుచ్చు లోపలికి పోతది. అప్పుడు రూట్ కెనాల్ చేయాల్సొస్తది” అని డాక్టరమ్మ రాసి పంపింది. రూట్ అంటే ఏమిటో ఎవరూ అడగలేదు. కెనాల్ అన్న మాట చూసి ఫైలును నీటిపారుదల శాఖకు పంపారు. కాలువ వస్తే ఓదెలు భూమి మాగాణి కింద మారుతుందని, ఏడాదికి రెండు కార్ల పంటకు నీళ్ళివ్వలేమని వాళ్ళు జవాబు రాశారు.

ఆ రోజు ఓదెలు దవడకు తువ్వాలు కట్టుకుని, పెళ్ళాం సరోజనను వెంటబెట్టుకుని నేరుగా ఏడీ గారి ముందు నిలబడ్డాడు. “సార్, మూడు పండ్లు పీకించుకుంట. పన్నే లేకపోతే గుంట ఉండది కద. నాకు జాగ ఇయ్యుండ్రి.”

సరోజన కళ్ళల్లో నీళ్ళు గిర్రున తిరిగాయి. “మంచి పండ్లని డాక్టరమ్మ చెప్పింది సార్. ఇంటి కోసం నోరు బోడ చేసుకుంటనంటుండు.”

పరాంకుశం గారు ఆలోచించారు. నిజాయితీగానే ఆలోచించారు, అదే మా దురదృష్టం. తర్వాత తల అడ్డంగా ఊపారు. “పన్ను తొలగించిన పిదప ఆ చోట ఏముండును?”

“ఏముంటది సార్, ఖాళీ.”

“ఖాళీ స్థలం. మూడు ఖాళీ స్థలములు. ఇదివరకే ఖాళీ స్థలములు గలవారికి ఇంటి స్థలము ఇచ్చుటకు నిబంధనలు ఒప్పుకొనవు.”

నాకు ఒళ్ళు మండిపోయింది. నా కట్టుడు పళ్ళు ఊడదీసి ఆయన బల్ల మీద పెట్టి, “ఈ ముప్పై రెండు ప్లాట్లనూ ఏం చేస్తారో చేసుకోండి” అందామనుకున్నాను. పెన్షను గుర్తొచ్చి నోరు మూసుకున్నాను.

అయితే ఇరవై ఏళ్ళ పిప్పరమెంట్లు ఊరుకోలేదు. ఆ వారమే దంతహిత కార్యాలయ ప్రగతి సమీక్ష జరిగింది. ఏడీ గారు లేచి, “నియమిత ఆహారమే దంతములకు శ్రీరామరక్ష” అని మొదలుపెట్టి, ‘రక్ష’ దగ్గర కెవ్వున అరిచి దవడ పట్టుకుని కూలబడ్డారు. సమీక్షకు వచ్చిన నుస్రత్ అక్కడే ఉంది. పెట్టె తెరిచింది. ఆయన వద్దని చెయ్యి ఊపారు గాని నొప్పి ముందు హోదా నిలబడలేదు. నోరు తెరిచారు.

“అల్లా!” అంది డాక్టరమ్మ. “రోజంతా ఏం పెట్టుకుంటరు సార్ నోట్లో? ఒకటి, రెండు, మూడు...” తొమ్మిది దగ్గర ఆగింది.

నేను ఫారం తీశాను. అంత ఆనందంగా నా సర్వీసులో ఏ కాగితమూ తీయలేదు. పేరు, హోదా రాశాను. గుంటల గడి దగ్గర పెన్ను ఆపి, చాలా వినయంగా అడిగాను. “సార్, తొమ్మిది అని రాసేదా?”

చెప్పడం మరిచాను. ఆ కాలనీ సంఘానికి అధ్యక్షుడు పరాంకుశం గారే. ఒకటో నంబరు ప్లాటు, తూర్పు మూల, రెండు వైపులా రోడ్డు, ఆయన పేరిటే ఉంది.

నోట్లో దూది ఉండటంతో ఆయన మాట్లాడలేకపోయారు. కాగితం మీద రాసిచ్చారు. గంటలో సర్క్యులర్ టైపయింది. ‘ఈ కార్యాలయ రికార్డులలో గుంట అను పదము అపార్థములకు తావిచ్చుచున్నందున, గత తేదీల నుండి వర్తించునట్లు, గుంట అని ఉన్న ప్రతి చోట రంధ్రము అని చదువుకొనవలెను.’

రంధ్రానికి భూమిలో భాగం లేదు కాబట్టి పరాంకుశం గారు నిరుపేద అయ్యారు. ఆ దెబ్బతో ఓదెలూ అయ్యాడు. మూడు పళ్ళూ ఆ సాయంత్రమే నింపించుకున్నాడు. పూడ్చినందుకు నోటీసు రాలేదు. ఏడీ గారివి నింపడానికి నాలుగు రోజులు పట్టింది.

ప్రతి చోట అని ఉంది కదా, సుగుణాకర్ ప్రతి చోటా మార్చేశాడు. కంప్యూటరులో ఒక్క మీట నొక్కాడు, జిల్లా మొత్తం మారింది. ఇప్పుడు మాకు ఎకరాకు నలభై రంధ్రాలు. గుంటనక్కల గుట్ట అనే ఊరు రంధ్రంనక్కల గుట్ట అయింది. ఒక ముసలి రైతు పాసుపుస్తకం పట్టుకుని వచ్చి, “నా పదహారు గుంటలు ఏవి కొడుకా?” అని అడిగితే, “పదహారు రంధ్రాలుగా భద్రంగా ఉన్నాయి తాతా” అని చెప్పి పంపాం.

ఓదెలు పట్టా చేతికొచ్చింది. సర్వే నంబరు రెండు వందల పధ్నాలుగు, రెండు రంధ్రాలు. సరోజన దాన్ని అటూ ఇటూ తిప్పింది. “ఇన్నొద్దులు తిప్పి తిప్పి మనకు బొందలిచ్చిండ్రా?” అంది.

“ఏదిచ్చినా కాయితం మీద మన పేరుంది చూడు” అన్నాడు ఓదెలు.

ఇంటి పునాదికి ముగ్గు పోసే రోజున నేనూ వెళ్ళాను. నలుగురు చుట్టాలు, కనకవ్వ, ఆమె చాయ్ కెటిలు, ఒక పళ్ళెంలో పల్లిపట్టి. ముగ్గు సగం పడిందో లేదో, ఆటో దిగి డాక్టర్ నుస్రత్ వచ్చింది. చేతిలో ఆ బరువైన పెట్టె, ఒక ఉత్తర్వు. కంప్యూటరుకు సుగుణాకర్ కొత్త గుణం నేర్పాడట. ఏ కాగితంలో రంధ్రాలు కనిపించినా దంతహిత పథకం కింద ఆమెకు పంపేస్తోంది. ‘సర్వే నంబరు 214 లోని రెండు రంధ్రములను పరీక్షించి, పూడ్చి, నివేదిక సమర్పించవలెను. అంతవరకు నిర్మాణము నిలుపుదల చేయవలెను.’

ఓదెలు మొహం వాడిపోయింది. చేతిలోని ముగ్గు చెంబు కింద పెట్టేశాడు. సరోజన నా వైపు చూసింది. నేను ఆ ఉత్తర్వు అందుకుని తిరగేసి చూశాను.

నుస్రత్ ఆ స్థలాన్ని ఈ చివరి నుంచి ఆ చివరి దాకా చూసింది. నవ్వు ఆపుకుంటున్నట్టు పెదవి కొరుక్కుంది. పెట్టెలోంచి పంటిని తట్టి చూసే సన్నటి కడ్డీ తీసి, వంగి, నేల మీద మూడు చోట్ల టకటకా తట్టింది. “నొప్పి ఉందా?” అని నేలను అడిగింది. కాసేపు విన్నది. తర్వాత పెట్టె మీద కాగితం పెట్టుకుని పెద్ద అక్షరాలతో రాసింది. ‘పరీక్షించాను. ఆరోగ్యంగా ఉంది. పూడ్చనక్కర లేదు. ఎంత బరువైనా మోస్తుంది.’ సంతకం చేసి, ముద్ర వేసి ఓదెలు చేతికిచ్చింది.

ఆ కాగితాన్నే మర్నాడు పరాంకుశం గారు నిర్మాణ అనుమతిగా స్వీకరించారు. అందులో తప్పు పట్టడానికి ఆయనకు ఒక్క రంధ్రం కూడా దొరకలేదు.

అది మర్నాటి మాట. ఆ పూట ముగ్గు దగ్గర కనకవ్వ అందరికీ చాయ్ పోసింది. ఓదెలు పల్లిపట్టి ఒకటి తీసుకుని, రెండోదాని కోసం చెయ్యి చాచి, డాక్టరమ్మ చూపు చూసి ఆగిపోయాడు. “తిను అన్నా, ఇయ్యాల తినకపోతే ఎప్పుడు తింటవ్. కానీ ఇప్పుడే తినెయ్యి, జేబులో పెట్టుకోకు. తిన్నంక పుక్కిలించు” అంది.

తిన్నాడు. చాయ్ తాగాడు. చెంబుతో నీళ్ళు నోట్లో పోసుకుని, బుగ్గలు ఉబ్బించి, ఉమ్మేయడానికి అక్కడే వంగబోయాడు. “ముగ్గు మీదనా!” అని సరోజన కేకేసింది. ఓదెలు బుగ్గల్లో నీళ్ళతోనే తల ఊపి, నడవడం మొదలుపెట్టాడు. చైన్‌మన్ కదా, అలవాటు చొప్పున అడుగులు లెక్కపెడుతున్నట్టు నిదానంగా వేస్తున్నాడు. ఇరవై రెండేళ్ళలో మొదటిసారి తన హద్దు ఎక్కడ అయిపోతుందో చూసుకుంటూ పోయి, హద్దురాయి దాటాక, అవతల ఉమ్మేసి వచ్చాడు.